సెప్టెంబర్‌లో పన్నెండో స్థానం

ఒకే ఒక్క కాగితం. పైన సీజన్ పేరు, కింద 1 నుంచి 12 దాకా అంకెలు, ఒక్కో అంకె పక్కన ఒక టీమ్, దాని కింద రెండు మూడు ముక్కల వ్యాఖ్యానం. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు ట్రైనింగ్ క్యాంపుల్లో ఇంకా ఒళ్లు వంచుతూ ఉండగానే, అక్టోబర్‌లో మొదటి పక్ (హాకీ బిళ్ల) మంచు మీద పడకముందే, నిజం ఆటగాళ్లను కాగితం మీద పంచుకుని వాళ్ల గణాంకాలతో పోటీపడే ఫ్యాంటసీ లీగ్‌లో ఎవడు గెలుస్తాడో, ఎవడు అట్టడుగున తేలతాడో ఆ కాగితం తేల్చేసేది. మొదట్లో అది ఫొటోకాపీ, తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత ఈమెయిల్. అందిన పది నిమిషాల్లో పన్నెండో స్థానంవాడి నుంచి జవాబు వచ్చేది. మొదటి స్థానంవాడు మాత్రం నోరు మెదిపేవాడు కాదు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ కాగితమే తన మెడకు చుట్టుకుంటుందని వాడికి తెలుసు.

ఇప్పుడు డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల పంపకం, ముగిసిన మరుక్షణమే లీగు నడిపే వెబ్‌సైటే ప్రతి టీముకూ గ్రేడ్ వేసి పంపిస్తోంది. బి ప్లస్ అట. ఎందుకు బి ప్లస్? అడగడానికి అవతల మనిషి ఉండడు. పాత ర్యాంకింగులో ఆ సుఖం ఉండేది. దాన్ని వేసినవాడు ఒక మనిషి, వాడి లెక్క పెన్సిల్‌తో కాగితం మార్జిన్‌లోనే కనిపించేది, ఆ లెక్కలో తప్పు పట్టుకుంటే సీజన్ మొత్తానికి సరిపడా సరుకు దొరికేది.

దీనంతటికీ మూలం ఆఫీసు పూల్, అంటే తోటి ఉద్యోగులు తలా కాస్త డబ్బు వేసుకుని ఆడే పందెం. కెనడాలోనూ, అమెరికాలోని హాకీ ఊళ్లలోనూ ఇది ఫ్యాంటసీ అనే మాట రాకముందు నుంచే ఉంది. నియమాలు మూడు ముక్కలు: ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకో, గోల్‌కు ఒక పాయింటు, అసిస్టుకు (గోల్‌కు దారితీసిన పాస్‌కు) ఒక పాయింటు, సీజన్ చివర ఎవరికి ఎక్కువుంటే వాళ్లది గెలుపు. గోలీలు (గోల్‌కీపర్లు) లేరు, ప్లస్-మైనస్ (ఆటగాడు మంచు మీద ఉండగా తన టీమ్ కొట్టిన, ఇచ్చిన గోల్స్ తేడా) లేదు. ఇంత తేలికైన ఆటను కూడా ఒకే ఒక్క మనిషి పాడుచేశాడు. 1985-86లో వేన్ గ్రెట్జ్కీ 52 గోల్స్, 163 అసిస్టులు కలిపి 215 పాయింట్లు చేశాడు. మొదటి పిక్ (ఎంపిక) చీటీ ఎవరికి తగిలితే కప్పు వాళ్లదే. ఇక మిగతావాళ్లు డబ్బెందుకు కట్టాలి? అందుకని చాలా పూల్స్‌లో గ్రెట్జ్కీని నిలువునా రెండుగా చీల్చారు. ‘గ్రెట్జ్కీ గోల్స్’ ఒక ఆటగాడు, ‘గ్రెట్జ్కీ అసిస్టులు’ ఇంకో ఆటగాడు. తమాషా ఏమిటంటే చీల్చాక కూడా అసిస్టుల సగమే మొదట పోయేది. అది కంటిచూపు లెక్కేమీ కాదు. గ్రెట్జ్కీ కెరీర్ అసిస్టులు 1,963. పాయింట్ల జాబితాలో అతని తర్వాతివాడైన యారొమీర్ యాగర్ గోల్స్, అసిస్టులు కలిపితేనే 1,921.

లెక్కలు చూసేవాడు లీగుకు ఒక్కడు ఉండేవాడు. కమిషనర్ అనేది పెద్ద పేరు, చేసేది గుమాస్తా పని. పొద్దున పేపర్లో బాక్స్ స్కోర్లు (మ్యాచుల గణాంకాల పట్టికలు) కత్తిరించి, ఖాతా పుస్తకంలో ఒక్కో ఆటగాడి ఎదురుగా గీతలు గీసుకోవాలి. తూర్పు తీరంలో ఉన్నవాళ్లకు అసలు తలనొప్పి పడమటి మ్యాచులు. లాస్ ఏంజెలెస్‌లోనో వాంకూవర్‌లోనో ఆట ముగిసేసరికి అక్కడ రాత్రి పదిన్నర, ఇక్కడ ఒంటిగంటన్నర. పేపర్ అప్పటికే అచ్చయిపోయేది. స్కోర్ ఉండాల్సిన చోట ‘ఆలస్యం’ అని ఒక్క మాట. మంగళవారం మ్యాచ్ పాయింట్లు గురువారం గానీ పుస్తకంలోకి ఎక్కేవి కావు. ఈలోగా ఆధిక్యంలో ఎవరున్నారో ఖాయంగా ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరికి వాళ్లు తామే అనుకునేవాళ్లు.

పేర్ల గొడవ ఇంకొకటి. బాక్స్ స్కోర్లో ఇంటిపేరు మాత్రమే వేస్తారు. ఎనభైల్లో సట్టర్ అన్నదమ్ములు ఆరుగురు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నారు. బ్రెంట్, డువేన్ ఇద్దరూ న్యూయార్క్ ఐలాండర్స్ టీములోనే. అక్కడ మొదటి అక్షరం చూసి గట్టెక్కొచ్చు. ఫిలడెల్ఫియా సంగతి వేరు. కవలలు రిచ్, రాన్ ఇద్దరూ అదే టీములో. ఇంగ్లిష్‌లో ఇద్దరిదీ ఒకే మొదటి అక్షరం. ఒక అసిస్టు ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీద రోజంతా వాదన నడిచేదంటే నమ్మాలి. దానికి తోడు స్కోరింగ్ సవరణలు. ఆట ముగిశాక అధికారిక స్కోరర్ వీడియో చూసి, పక్ చివరగా తగిలింది ఫలానావాడికి కాదు ఇంకొకడికి అని మార్చేస్తే, ఆ సవరణ పేపర్లో ఏ మూలో కనిపించీ కనిపించకుండా వచ్చేది. దాన్ని పట్టుకునేవాడు ఎప్పుడూ ఆ పాయింటు వల్ల లాభపడేవాడే.

1980లో డేనియల్ ఓక్రెంట్, అతని స్నేహితులు న్యూయార్క్‌లో బేస్‌బాల్‌తో రోటిసరీ లీగ్ మొదలుపెట్టారు. తాము కలుసుకునే రెస్టారెంట్ పేరే దానికి పెట్టుకున్నారు. ఆ పద్ధతి హాకీలోకి వచ్చాక ర్యాంకింగులకు అసలైన మేత దొరికింది. ఒక్క పాయింట్ల మొత్తం బదులు పది విభాగాలు. గోల్స్, అసిస్టులు, ప్లస్-మైనస్, పెనాల్టీ నిమిషాలు, పవర్ ప్లే (ఎదుటివాళ్లకు పెనాల్టీ పడి ఒకడు తగ్గినప్పటి ఆట) పాయింట్లు, గోల్ మీదికి కొట్టిన షాట్లు ఒకవైపు. గోలీలవైపు విజయాలు, గోల్స్ అగైనెస్ట్ సగటు (60 నిమిషాలకు ఇచ్చిన గోల్స్), సేవ్ శాతం, షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచులు). ఒక్కో విభాగంలో మొదటివాడికి 12, చివరివాడికి 1. పది విభాగాల్లోనూ మొదట ఉంటే 120. ఆ 120 మాట దేవుడెరుగు, వంద దాటినవాడి పేరే ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు.

చేతిలెక్కల రోజుల్లో దాదాపు ప్రతి లీగూ ఒకసారి పడిన గొయ్యి ఒకటుంది. గోలీల సగటు. ఒక గోలీ 60 నిమిషాలు ఆడి 2 గోల్స్ ఇచ్చాడు, సగటు 2.00. ఇంకొకడు మధ్యలో దిగి 20 నిమిషాల్లో 2 గోల్స్ ఇచ్చాడు, సగటు 6.00. టీమ్ సగటు ఎంత? రెండూ కూడి రెండుతో భాగించి 4.00 అని రాసేసే కమిషనర్లు కొల్లలు. సరైన లెక్క వేరు. మొత్తం గోల్స్ 4, దాన్ని 60తో గుణించి మొత్తం నిమిషాలు 80తో భాగించాలి. వచ్చేది 3.00. సేవ్ శాతానికీ ఇదే సూత్రం: ఆపిన షాట్లన్నీ కూడు, ఎదుర్కొన్న షాట్లన్నీ కూడు, ఒకేసారి భాగించు. సగటులకు సగటు తీశావో, ఎప్పుడో ఇరవై నిమిషాలు ఆడిన బ్యాకప్ గోలీ నీ టీమును నాలుగు స్థానాలు కిందికి లాగేస్తాడు. జనవరిలో ఈ తప్పు బయటపడి, అక్టోబర్ నుంచి పుస్తకమంతా తిరగరాసిన లీగులున్నాయి.

ఇక ర్యాంకింగ్. డ్రాఫ్ట్ సెప్టెంబర్ చివర్లో పాములాగా సాగేది. మొదటి రౌండులో 1 నుంచి 12, రెండో రౌండులో 12 నుంచి 1. మొదటి పిక్ పట్టినవాడికి మళ్లీ వంతు వచ్చేది 24, 25 దగ్గర. పన్నెండోవాడికి 12, 13 వెంటవెంటనే. ఫ్యాంటసీ లీగులు నడిపే యాహూ సైట్‌లో చాలాకాలం డిఫాల్ట్‌గా ఉన్న అమరిక ఇద్దరు సెంటర్లు, ఇద్దరు లెఫ్ట్ వింగర్లు, ఇద్దరు రైట్ వింగర్లు, నలుగురు డిఫెన్స్‌మన్లు, ఇద్దరు గోలీలు, బెంచ్ మీద నలుగురు. టీముకు 16, లీగుకు 192. ఆ 192 మందినీ ముందేసుకుని రెండు రాత్రులు కూర్చోగలిగినవాడే ర్యాంకింగ్ రాసేవాడు. ఓపిక లేనివాళ్లు పేర్లు చూసి రాసేవాళ్లు, అది చదవగానే తెలిసిపోయేది.

మొదటి మెట్టు ప్రతి ఆటగాడికీ అంచనా. గత ఒక్క సీజన్ చూసి రాయడం కాకి లెక్క. మూడు సీజన్లు తీసుకుని, కొత్తదానికి 5, దాని వెనకదానికి 3, ఇంకా వెనకదానికి 2 వంతుల బరువు ఇవ్వడం చాలామంది పాటించిన పద్ధతి. మ్యాచుకు గోల్స్ వరసగా 0.50, 0.40, 0.30 అనుకుందాం. 2.5, 1.2, 0.6 కూడితే 4.3, పదితో భాగిస్తే మ్యాచుకు 0.43. దీన్ని 82తో గుణించేవాడు ఆశావాది. 82 మ్యాచులూ ఆడేవాళ్లు కొద్దిమందే. 76తో గుణిస్తే 33 గోల్స్ వస్తాయి. ముప్పై అయిదేళ్లు దాటినవాడైతే 70 చాలు, మోకాలు ఒకసారి కోయించుకున్నవాడైతే ఇంకా తగ్గించాలి.

రెండో మెట్టు షాట్ల శాతం. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాడి ర్యాంకింగ్ ఇక్కడే బోల్తా పడేది. విలియమ్ కార్ల్‌సన్ 2016-17లో కొలంబస్‌కు 6 గోల్స్ కొట్టాడు. వెగాస్ కొత్త టీమ్ అతన్ని తీసుకుంది. 2017-18లో 43. షాట్లు చూస్తే 184 మాత్రమే, అంటే కొట్టిన వందలో 23కు పైగా లోపలికి వెళ్లాయి. మంచి ఫార్వర్డ్‌కు కూడా ఏటికేడాది నిలిచేది వందకు 10 నుంచి 14. అవే 184 షాట్లకు 12 శాతం వేస్తే 22 గోల్స్. మరుసటి ఏడాది కార్ల్‌సన్ కొట్టింది 24. ఆ సెప్టెంబర్‌లో అతన్ని తొలి రౌండ్లలో పట్టుకున్నవాడిని ర్యాంకింగులో రెండు మెట్లు దించినవాళ్లు ఏప్రిల్ దాకా కాలర్ ఎగరేసుకు తిరిగారు.

మూడోది, పక్కన ఎవరు ఆడతారన్నది. దీనికి జొనాథన్ చీచూను మించిన పాఠం లేదు. 2005 నవంబర్ 30న బోస్టన్ జో థార్న్‌టన్‌ను శాన్ హోసేకు ఇచ్చేసింది. చీచూ పక్కన థార్న్‌టన్ వచ్చి నిలిచాడు, ఆ సీజన్ చివరికి చీచూ 56 గోల్స్‌తో లీగులోనే అగ్రస్థానం, థార్న్‌టన్ 125 పాయింట్లు. తర్వాతి సెప్టెంబర్‌లో ప్రతి డ్రాఫ్టులోనూ చీచూ పేరు పైపైనే మోగింది. వచ్చినవి 37, ఆపై ఏడాది 23. ర్యాంకింగ్ రాసేవాడికి ఆటగాడి పేరు కంటే మొదటి పవర్ ప్లే యూనిట్‌లో అయిదుగురు ఎవరన్నది ముఖ్యం. ప్రీసీజన్ మ్యాచుల్లో గోల్స్ లెక్కపెట్టడం దండగ. ఎవరి పక్కన ఎవరు స్కేట్ చేస్తున్నారో రాసుకుంటే పని జరుగుతుంది. అదీ చివరి రెండు ప్రీసీజన్ మ్యాచులవే. అంతకు ముందువి కుర్రాళ్లకు ఇచ్చే పరీక్షలు.

టీమ్ మొత్తం కూడేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. 16 మందివీ గుడ్డిగా కూడేయడం. ఎన్‌హెచ్‌ఎల్ షెడ్యూల్‌లో మంగళ, గురు, శనివారాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక టీములో అయిదుగురు సెంటర్లు ఉన్నారనుకోండి, శనివారం ఇద్దరే ఆడగలరు, ముగ్గురు బెంచ్ మీద కూర్చుని వాళ్ల గోల్స్ గాలికి పోతాయి. కాగితం మీద అది అద్భుతమైన టీమ్. రెండు స్థానాల్లో ఆడే అర్హత ఉన్నవాడికి విలువ అందుకే. 2010లో షికాగోలో ఎక్కువగా వింగర్‌గా ఆడి స్టాన్లీ కప్పు (ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ) గెలిచిన డస్టిన్ బఫ్లిన్, అట్లాంటాకు వెళ్లాక డిఫెన్స్‌కు మారి 2010-11లో 20 గోల్స్ కొట్టాడు. డిఫెన్స్ గడిలో ఇరవై గోల్స్ అంటే మిగతా పదకొండు మందికీ కడుపుమంట. దానికితోడు వింగర్ గడిలోనూ పెట్టుకోగలిగితే ఇక చెప్పేదేముంది.

పెనాల్టీ నిమిషాల విభాగం గురించి ఒక్కమాట చెప్పకుండా ఆ రోజుల్ని తలుచుకోలేం. తప్పు చేసి బాక్సులో కూర్చుంటే నీకు మార్కులు! 1997-98లో టొరంటో ఆటగాడు టై డోమి 365 నిమిషాలు పోగేశాడు. ఒక్క పిక్‌తో ఒక విభాగం జేబులో పడేది. రాత్రికి ఆరేడు నిమిషాలు ఆడే కొట్లాటగాడికి పద్నాలుగో రౌండులో పోటీ పడేవాళ్లు. తర్వాత తర్వాత చాలా లీగుల్లో దాని స్థానంలో హిట్లు (పక్ ఉన్నవాడిని ఒంటితో గుద్దడాలు) వచ్చాయి. ఆట పరంగా అదే న్యాయం. కానీ వ్యాఖ్యానం రాసేవాడికి మాత్రం అంత మంచి ముడిసరుకు మళ్లీ దొరకలేదు.

గోలీల దగ్గర ఏ లెక్కా నిలవదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 టీములు, అంటే 32 మంది ప్రధాన గోలీలు. పన్నెండు మంది తలా ముగ్గుర్ని పట్టుకుంటే 36. అప్పుడే నలుగురు తక్కువ. పైగా పాత రోజుల్లో గోలీ అంటే ఎడ్లబండికి ఇరుసు లాంటివాడు. మార్టిన్ బ్రొడూర్ 2006-07లో 78 మ్యాచులు ఆడి 48 గెలిచాడు. అతన్ని పట్టుకున్నవాడికి విజయాల విభాగంలో పన్నెండు మార్కులు రాసిపెట్టేయొచ్చు. ఇప్పుడు 60 మ్యాచులు దాటేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వరసగా రెండు రాత్రులు మ్యాచులుంటే రెండో రాత్రి బ్యాకప్ దిగుతాడు. కాబట్టి అంచనాలో మంచి గోలీకి 55, ఇద్దరు పంచుకునే చోట చెరి 41 వేసుకోవాలి.

ఇంతా చేశాక, ఎవరి లెక్కలోనూ లేనివాడొకడు ఎక్కడినుంచో వస్తాడు. 2015 ఫిబ్రవరిలో ఒటావా గోలీలిద్దరూ దెబ్బలతో పడిపోతే ఆండ్రూ హామండ్ వచ్చి 20 గెలిచి, ఒకటి ఓడి, రెండు ఓవర్‌టైమ్ దాకా వెళ్లి పోగొట్టుకున్నాడు. 2019 జనవరి మొదట్లో సెయింట్ లూయిస్ లీగులోనే అట్టడుగున ఉంది. జోర్డన్ బినింగ్టన్‌ను గోల్‌లో నిలబెట్టారు. 24 విజయాలు, 1.89 సగటు, చివరికి స్టాన్లీ కప్పు. ఆ ఇద్దర్నీ డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. వేవర్ (ఎవరి టీములోనూ లేని ఆటగాళ్ల జాబితా) నుంచి ఊరికే వచ్చారు. వాళ్లను పట్టుకున్నది తరచూ పదకొండో స్థానంలోనో పన్నెండో స్థానంలోనో ఉన్నవాడే. కారణం ఉంది. పాయింట్ల పట్టికలో అడుగున ఉన్నవాడికే వేవర్ వరసలో మొదటి వంతు ఇచ్చే లీగులు చాలా ఉండేవి. పైగా పైనున్నవాడు తన గోలీలను చూసుకుని నిద్రపోతుంటాడు, కిందున్నవాడు రాత్రిళ్లు మేలుకుని వెతుకుతుంటాడు.

ఫార్వర్డ్‌లలో ఇలాంటిది మారియో లెమ్యూ. 1997లో రిటైరైన మనిషి కాబట్టి 2000 సెప్టెంబర్ ర్యాంకింగులో అతని ఊసే లేదు. డిసెంబర్ 27న మళ్లీ స్కేట్లు కట్టుకుని 43 మ్యాచుల్లో 76 పాయింట్లు చేశాడు. అతన్ని ఎవరు తీసుకోవాలి, రిటైరైనవాడిని తీసుకోవడం కుదురుతుందా అన్న రగడలోంచి చాలా లీగుల నియమావళిలో ఒక కొత్త పేరా పుట్టింది.

లెక్క తేలాక రాత. ఇదే అసలు కళ. ఒక్కో టీమ్ కింద మూడు వాక్యాలకు మించకూడదు. ఒకటి పొగడ్త, ఒకటి లెక్క, ఒకటి చురక. చురక ఎప్పుడూ పిక్ మీద ఉండాలి, మనిషి మీద కాదు. ‘నాలుగో రౌండులో ముప్పై ఏడేళ్ల వింగర్‌ను తీసుకున్నారు, పదో రౌండులో అతనికి వీల్‌చైర్ కూడా తీసుకుని ఉండాల్సింది’ అంటే అందరూ నవ్వుతారు, తీసుకున్నవాడితో సహా. ‘హాకీ తెలియనివాడు’ అంటే ఆ లీగు మూడేళ్లలో చెదిరిపోతుంది. లెక్కలేని చురక కూడా పనికిరాదు. ‘డిఫెన్స్ బలహీనం’ అన్నది ఉత్త మాట. ‘నలుగురు డిఫెన్స్‌మన్లలో ఒక్కడు కూడా మొదటి పవర్ ప్లే యూనిట్‌లో లేడు’ అంటే అవతలివాడు రాత్రంతా లైనప్‌లు తిరగేస్తాడు.

పైన ముగ్గురికీ, అడుగున ఇద్దరికీ రాయడం తేలిక. ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్నవాళ్లే ప్రాణం తీస్తారు. మధ్యలోవాళ్ల అంచనా మొత్తాల మధ్య తేడా రెండు మూడు మార్కులకు మించదు. అంటే ఒక్క గోలీ గజ్జకండరం పట్టేస్తే చెల్లాచెదురయ్యే వరస. అక్కడ లెక్క పక్కన పెట్టి, బాగా రెచ్చిపోయేవాడిని తొమ్మిదిలో వేయడం ఆనవాయితీ. అది అన్యాయమే. కానీ ఆరులో వేస్తే వాడు చదివి ఊరుకుంటాడు. తొమ్మిదిలో వేస్తే సీజనంతా లైనప్ మర్చిపోకుండా పెడతాడు. డిసెంబర్‌లో టీమును వదిలేసేవాడే ఏ లీగుకైనా పెద్ద చీడ. ఆ చీడకు ఇంతకంటే మంచి మందు ఎవరూ కనిపెట్టలేదు.

రాసేవాడు తన టీమును ఎక్కడ పెట్టుకోవాలి? మొదటి స్థానంలో పెట్టుకుంటే అహం. పన్నెండులో పెట్టుకుంటే దొంగ వినయం, అందరికీ తెలిసిపోతుంది. నాలుగో అయిదో స్థానంలో పెట్టుకుని ‘గోలీలు నిలబడితే చూద్దాం’ అని రాసుకోవడం పెద్దమనిషి తరహా. అనుభవజ్ఞులు ఇంకో పని చేసేవాళ్లు. తమ టీమ్ వ్యాఖ్యానాన్ని తమ బద్ధశత్రువు చేత రాయించేవాళ్లు.

బద్ధశత్రువు అంటే లీగుకు ఒక జంట తప్పనిసరి. వాళ్ల వైరం సాధారణంగా ఒక దొంగిలించిన పిక్‌తో మొదలవుతుంది. అవతలివాడు పట్టబోయే డిఫెన్స్‌మన్‌ను ఒక్క పిక్ ముందు తన్నుకుపోవడం. కావాలని చేశాడా, కాకతాళీయమా అన్నది ఎప్పటికీ తేలదు. టొరంటో, మాంట్రియల్ అభిమానుల మధ్య అయితే వైరానికి వేరే కారణం అక్కర్లేదు. 1967 తర్వాత కప్పు చూడని టొరంటో అభిమానికి అతని టీమ్ ఆటగాళ్లనే ఒక మెట్టు ఎక్కువ ధరకు అంటగట్టడం అందరికీ తెలిసిన వ్యాపారం. తెలిసీ వాళ్లు కొంటారు. ర్యాంకింగులో ఇలాంటి టీముకు అర మెట్టు తగ్గించాలి. అభిమానం వల్ల ఆ ఆటగాడి ఫామ్ పోయాక కూడా వదులుకోరు కాబట్టి.

వారం వారం ఇద్దరిద్దరు ఆ పది విభాగాల్లో ఎదురుబొదురు ఆడే పద్ధతి వచ్చాక వైరానికి గడియారం తోడైంది. సోమవారం మొదలు, ఆదివారం రాత్రి ముగింపు. మ్యాచులు పలచగా ఉండే సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో ఆడే వాళ్లను వేవర్ నుంచి తెచ్చి ఖాళీ గడుల్లో నింపడం తెలిసినవాడు వారానికి అయిదారు మ్యాచులు ఎక్కువ ఆడిస్తాడు. అందుకే వారానికి ఇన్ని మార్పులే అని హద్దు పెట్టారు, నాలుగు అన్నది చాలాచోట్ల మాట. శనివారం రాత్రికి సగటు 2.10తో, సేవ్ శాతంలోనూ ముందున్నవాడు ఆదివారం గోలీలిద్దర్నీ బెంచ్ ఎక్కిస్తాడు. దాన్ని అడ్డుకోవడానికే వారానికి కనీసం మూడు గోలీ మ్యాచులన్న నియమం. ఆ మూడోది మర్చిపోయి, గెలిచిన గోలీ విభాగాలన్నీ పోగొట్టుకున్నవాడి మొహం సోమవారం పొద్దున చూడాలి. అదే పొద్దున గణాంకాల సవరణ వచ్చి ఒక షాట్ ఎగిరిపోతే 5-5గా ముగిసిన వారం 6-4 అవుతుంది. పేపర్ మూలన ఆ రెండు లైన్ల సవరణ వెతికిన రోజుల నుంచి ఇదొక్కటి మారలేదు.

2004-05 సీజన్ లాకౌట్‌లో పూర్తిగా కొట్టుకుపోయింది. ఆ సెప్టెంబర్‌లోనూ చాలామంది డ్రాఫ్ట్ చేసి ర్యాంకింగ్ వేసుకున్నారు, నవంబర్‌కల్లా తేలిపోతుందిలే అని. పన్నెండో స్థానంవాడు తాను ఓడలేదని ఇప్పటికీ వాదించగలిగిన ఏకైక సీజన్ అది. తర్వాతి ఏడాది ఇంకా చిత్రం. రెండు గీతలు దాటే పాస్ మీద నిషేధం ఎత్తేశారు, అడ్డగించి పట్టుకోవడాన్ని గట్టిగా పెనాల్టీ కింద వేయడం మొదలైంది, టై పోయి షూటౌట్ వచ్చింది, మ్యాచుకు గోల్స్ సుమారుగా ఒకటి పెరిగాయి. మూడేళ్ల సగటు పద్ధతి మొత్తం నీళ్లలో కలిసింది. ఒవెచ్కిన్ 106, క్రాస్బీ 102 పాయింట్లు చేశారు, ఇద్దరూ మొదటి ఏడాది కుర్రాళ్లే. ‘కుర్రాళ్లను నమ్ముకుని నీట మునిగారు’ అని వ్యాఖ్యానం రాయించుకున్న టీములు ఆ ఏప్రిల్‌లో పైన కూర్చున్నాయి.

ఏప్రిల్‌లో ఆ కాగితాన్ని మళ్లీ బయటికి తీసేవాళ్లు. రాసినవాడికి మార్కులు వేయడానికి. ప్రతి టీముకూ సెప్టెంబర్‌లో ఇచ్చిన స్థానానికీ, చివర నిలిచిన స్థానానికీ తేడా తీసుకుని, గుర్తు వదిలేసి, పన్నెండూ కూడాలి. ఒక్కటీ తప్పకపోతే సున్నా. పూర్తిగా తలకిందులైతే 72. కళ్లు మూసుకుని చీటీలు తీసి వరస పెడితే సగటున దాదాపు 48 వస్తుంది. అంటే 48 దాటినవాడి రెండు రాత్రుల లెక్కకంటే ఒక టోపీ, పన్నెండు చీటీలు నయం. ముప్పై లోపు వస్తే మంచి చెయ్యి. ఇరవై లోపు వచ్చినవాడిని అనుమానంగా చూసేవాళ్లు.

48 దాటితే కలం చేతులు మారే పద్ధతి కొన్నిచోట్ల ఉండేది. ఇచ్చిన స్థానం కంటే అందరికన్నా పైకెక్కి నిలిచినవాడికి మరుసటి సెప్టెంబర్ కాగితం అప్పజెప్పేవాళ్లు. అంటే తరచూ పాత పన్నెండో స్థానంవాడికే. వాడు కూడా మూడు సీజన్లూ ముందేసుకుని, 5, 3, 2 బరువులు వేసి, షాట్ల శాతం సరిచూసి, 192 మందినీ ఓపికగా కూడేవాడు. అంతా అయ్యాక, పాత ర్యాంకింగ్ రాసినవాడి టీమ్ లెక్క ప్రకారం ఎక్కడ తేలినా సరే, రబ్బరుతో చెరిపి ఒక అంకె మార్చేవాడు. ఆ కాగితాల్లో అడుగు వరస ఎప్పుడూ కాస్త మసగ్గా ఉండేది అందుకే.